కాలినా నొప్పి తెలియనివ్వని ఫినాల్

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. ప్లైవుడ్ అతికించడానికి వాడే రెజిన్ తయారుచేసే ఫ్యాక్టరీలో చేరి నాలుగు నెలలైంది. ఫినాల్ డ్రమ్ములను వేడిచేసి, కరిగిన సరుకును రియాక్టర్‌లోకి ఎక్కించడం వాడి పని. మూడు వారాల కిందట మణికట్టు మీద తెల్లటి మచ్చతో ఇంటికొచ్చాడు. బొటనవేలి గోరంత ఉంటుంది. "డ్రమ్ము దగ్గర చుక్క పడిందమ్మా, నొప్పేం లేదు, సూపర్‌వైజరు కాటన్ వేస్ట్‌తో తుడిచేశాడు" అన్నాడు. మర్నాటికి మచ్చ గోధుమరంగుకు తిరిగింది, తర్వాత తోలు ఊడింది. ఇప్పటికీ అక్కడ గిల్లితే సరిగా తెలియడం లేదట. నేను కంగారుపడితే "నేల తుడిచే ఫినాయిల్ లాంటిదేలే" అని కొట్టిపారేస్తాడు. వాడి బట్టలు ఉతికేటప్పుడు అదే వాసన కొడుతుంది. డ్రమ్ముల్లో సరుకు ఒక్కోసారి గులాబీ రంగులో ఉంటుందని కూడా చెప్పాడు, అదేమైనా పాడైన సరుకా? ఉద్యోగం మానిపించమంటారా?

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరం చదువుతూ "నొప్పేం లేదు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. మీకు ధైర్యం చెప్పడానికి మీ అబ్బాయి ఆ మాట అన్నాడు. ఫినాల్‌తో 28 ఏళ్లు పనిచేసిన నాకు మాత్రం గుండె ఝల్లుమనేది ఆ మాట వింటేనే. ఎందుకో చెబుతాను. ముందు మీకు నిద్ర పట్టే కబురు చెప్పనివ్వండి.

చుక్క పడింది గోరంత చోట, అదీ మూడు వారాల కిందట. ఆ రోజు గానీ మర్నాడు గానీ కళ్లు తిరగడం, వాంతులు, చెమటలు పట్టడం, మూత్రం నల్లగా రావడం లాంటివేవీ లేకపోతే ఒంట్లోకి ఇంకిన ఫినాల్ గురించి ఇప్పుడు భయపడాల్సింది లేదు. శరీరం దాన్ని కాలేయంలో వేరే రూపానికి మార్చి, ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో బయటికి పంపేస్తుంది. సీసంలాగా ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి కూర్చునే రకం కాదు. అసలు మన పేగుల్లోని సూక్ష్మజీవులు కూడా రోజూ కాస్త ఫినాల్‌ను తయారుచేస్తూనే ఉంటాయి, దాన్ని వదిలించుకునే దారి శరీరానికి ముందునుంచే తెలుసు. మణికట్టు దగ్గర స్పర్శ తగ్గింది కాబట్టి చర్మ వైద్యులకు ఒకసారి చూపించండి. మచ్చ అంచులు నల్లబడుతున్నా, చీము పట్టినా, స్పర్శ తగ్గిన చోటు పెరుగుతున్నా ఆలస్యం చేయవద్దు. డాక్టరుగారికి "ఏదో కెమికల్" అనకుండా "కరిగించిన ఫినాల్" అని పేరు పెట్టి చెప్పమనండి.

ఇక ఫినాయిల్ మాట. ఈ పొరపాటు మీ అబ్బాయి ఒక్కడిదే కాదు. ఫినాల్, ఫినాయిల్ అనే రెండు పేర్లూ ఒకే మాటలోంచి పుట్టాయి, వాసనలోనూ చుట్టరికం ఉంది. నల్ల ఫినాయిల్‌లో బొగ్గు తారు నుంచి తీసిన క్రెసాల్‌లాంటి పదార్థాలు ఉంటాయి, అవి ఫినాల్‌కు తోబుట్టువులు. తెల్ల ఫినాయిల్ ఎక్కువగా పైన్ నూనెతో చేసేది. రెండింటినీ సబ్బుతో, నీటితో పలచన చేసే అమ్ముతారు, మనం బకెట్‌లో మళ్లీ పలచన చేస్తాం. అయినా వాటిని పిల్లలకు అందకుండా పెట్టాల్సిందే. మీ అబ్బాయి డ్రమ్ములో ఉన్నది నీళ్లు కలపని, దాదాపు నూటికి నూరుపాళ్లు ఫినాల్. కుక్క, తోడేలు ఒకే జాతి కదా అని తోడేలును ఇంట్లో కట్టేసుకోం.

ఫినాల్ అంటే బెంజీన్ వలయానికి, అంటే ఆరు కార్బన్ పరమాణువుల ఉంగరానికి, ఒక ఆక్సిజన్, హైడ్రోజన్ జంట తగులుకున్న చిన్న అణువు. స్వచ్ఛంగా ఉంటే తెల్లటి స్ఫటికాలు. సుమారు 41 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, 182 డిగ్రీల దగ్గర మరుగుతుంది. కరిగే వేడి ఇంత తక్కువ కావడం వల్లే ఫ్యాక్టరీల్లో దాన్ని గడ్డగా తవ్వి తీయరు, వేడిచేసి ద్రవంగా పంపుతారు. కాస్త నీరు కలిస్తే కరిగే వేడి ఇంకా పడిపోయి మామూలు గదిలోనే ద్రవంగా ఉండిపోతుంది. మామూలు వేడిలో 100 మిల్లీలీటర్ల నీటిలో 8 గ్రాముల చొప్పున కరుగుతుంది. కొవ్వులోనూ సుఖంగా కరుగుతుంది. నీటికీ కొవ్వుకూ రెండింటికీ చెల్లే ఈ గుణమే మన ప్రాణానికి వచ్చింది. చర్మం పై పొర కొవ్వుతో కాపలా కాస్తుంది, లోపలంతా నీరు. ఫినాల్‌కు రెండు తలుపులూ తెరిచే ఉంటాయి.

దీని పాత పేరు కార్బాలిక్ ఆమ్లం. ఆమ్లం అనగానే సల్ఫ్యూరిక్ ఆమ్లంలా పులుపుతో కాలుస్తుందనుకుంటారు. నిజానికి ఆమ్లంగా ఇది చాలా బలహీనమైనది, సోడానీటిలో ఉండే కార్బానిక్ ఆమ్లం కంటే కూడా బలహీనం. కాబట్టి సోడా పొడి చల్లి విరుగుడు చేద్దామనుకోవడం వృథా, ఆ పేరుతో విలువైన నిమిషాలు పోతాయి. ఫినాల్ చేసే పని వేరు. చర్మంలోని ప్రొటీన్‌ను అక్కడికక్కడే గడ్డకట్టిస్తుంది. ఉడికిన గుడ్డులో తెల్లసొన ఎలా తెల్లబడుతుందో అలా చర్మం తెల్లబడుతుంది. మీరు చూసిన తెల్లమచ్చ అదే. గంటల్లో, రోజుల్లో అది గోధుమరంగుకు తిరిగి ఊడిపోతుంది.

అదే సమయంలో నొప్పిని మోసుకెళ్లే నరాల చివరలను కూడా చచ్చుబరుస్తుంది. మొదట క్షణకాలం చురుక్కుమనొచ్చు, తర్వాత మొద్దుబారిపోతుంది. వైద్యులు ఈ గుణాన్ని కావాలనే వాడుకుంటారు: కండరాలు విపరీతంగా బిగుసుకుపోయే రోగులకు నరం దగ్గర పలచటి ఫినాల్ ఇంజెక్షన్ ఇచ్చి ఆ నరం పని ఆపుతారు, మాంసంలోకి పెరిగే కాలిగోరు మళ్లీ రాకుండా గోరు మొదలును దీంతోనే కాలుస్తారు. గొంతునొప్పికి కొట్టుకునే కొన్ని స్ప్రేలలోనూ 1.4 శాతం ఫినాల్ ఉంటుంది. వైద్యుడి చేతిలో కొలిచిన చుక్క ఇన్ని మేళ్లు చేస్తుంది. డ్రమ్ము దగ్గర ఒలికిన చెంబెడు మాత్రం అదే మొద్దుతనంతో మనిషిని మోసం చేస్తుంది.

కళ్లారా చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. నేను పనిలో చేరిన రెండో ఏట, గొట్టం జాయింటు వదులై నాతో పనిచేసే అతని తొడ మీద కరిగిన ఫినాల్ చిమ్మింది. ప్యాంటు తడిసింది. "ఏం లేదు, వెచ్చగా తగిలిందంతే, వాల్వు కట్టేసి వస్తాను" అన్నాడు. వాల్వు కట్టాడు, నేల కడిగాడు, బట్టలు మార్చుకోవడానికి నడుచుకుంటూ వెళ్లాడు. గదిలో పడిపోయి ఉండగా చూశాం. ఎమర్జెన్సీ షవర్ ముందు ఖాళీ డ్రమ్ములు అడ్డంగా పేర్చి ఉన్నాయి, అవి తోసి అతన్ని నీటి కింద పెట్టేసరికి ఇంకో రెండు నిమిషాలు. బతికాడు. మూత్రపిండాలు కోలుకోవడానికి వారాలు పట్టింది. "నొప్పి పుట్టి ఉంటే అప్పుడే పరిగెత్తేవాణ్ని కదా" అని ఆసుపత్రి మంచం మీద అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. నొప్పి మనకు కావలికుక్కలాంటిది. ఫినాల్ ముందు దాని నోరు కట్టేస్తుంది, తర్వాతే లోపలికి అడుగుపెడుతుంది.

లోపలికి వెళ్లాక ఏం చేస్తుందో కూడా తెలియాలి. ఎక్కువ మోతాదులో మెదడును, గుండె లయను దెబ్బతీస్తుంది: తలనొప్పి, వణుకు, ఫిట్స్, స్పృహ తప్పడం, రక్తపోటు పడిపోవడం. మూత్రం ముదురు ఆకుపచ్చగా, నల్లగా రావచ్చు. కాలేయం, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అరచేతి వెడల్పుకు మించి పడిందంటే గాయం చిన్నదా పెద్దదా అని చూడకుండా ఆసుపత్రికి వెళ్లాలని నేను అందరికీ చెబుతాను, ఎందుకంటే గుండెను కొన్ని గంటలు ఈసీజీ మీద కనిపెట్టి చూడాలి. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పీల్చినవారిలో ఆకలి పోయి, బరువు తగ్గి, నీరసించే జబ్బును 19వ శతాబ్దపు వైద్యులు తమలోనే చూసుకున్నారు, దానికి కార్బాల్ మరాస్మస్ అని పేరు కూడా పెట్టారు. క్యాన్సర్ సంగతి మీరు అడగలేదు గానీ, ఆ భయం మనసులో ఉండే ఉంటుంది: అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఫినాల్‌ను 3వ వర్గంలో ఉంచింది, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని చెప్పడానికి ఆధారాలు సరిపోని పదార్థాల వర్గంలో.

వైద్యులు తమలోనే చూసుకున్నారన్నాను కదా, ఆ కథ చిన్నగా చెబుతాను. మీ అబ్బాయి చేసే పని మీద మీకు అసహ్యం కలగకూడదని నా కోరిక. 1834లో ఫ్రీడ్‌లీబ్ రుంగె అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త బొగ్గు తారు నుంచి దీన్ని వేరుచేశాడు. ఆ రోజుల్లో ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికొస్తే కాలో చెయ్యో తీసేయడమే గతి, లేకుంటే గాయం కుళ్లి ప్రాణం పోయేది. 1865 ఆగస్టులో గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ అనే శస్త్రవైద్యుడు, బండి చక్రం కింద పడి కాలు విరిగిన 11 ఏళ్ల అబ్బాయి గాయాన్ని కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డతో కట్టాడు. గాయం కుళ్లలేదు. ఆరు వారాలకు పిల్లవాడి ఎముక అతుక్కుంది. ఆపరేషన్ గదులు శుభ్రంగా ఉండాలన్న ఆలోచనే అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. సూక్ష్మజీవిని చంపిన గుణమే, ప్రొటీన్‌ను గడ్డకట్టించే గుణం, వైద్యుల చేతులనూ పాడుచేసింది. వేళ్లకు కార్బాలిక్ తడిగుడ్డలు చుట్టి ఉంచడం వల్ల వేలు చచ్చిపోయి తీసేయాల్సి వచ్చిన రోగులు కూడా ఉన్నారు, అది పలచటి ద్రావణమే అయినా. "పలచగా కలిపాం, ఏం కాదు" అనే వారికి ఇది చెప్పండి.

ఇప్పుడు ప్రపంచంలో ఏటా కోటి టన్నులకు పైగా ఫినాల్ తయారవుతోంది. దాదాపు అంతా క్యూమీన్ అనే పదార్థం నుంచి, ఒక టన్ను ఫినాల్‌కు 0.6 టన్నుల అసిటోన్ కూడా జతగా పుట్టే పద్ధతిలో. 1907లో లియో బేక్‌లాండ్ ఫినాల్‌ను ఫార్మాల్డిహైడ్‌తో కలిపి బేకలైట్ చేశాడు, మీ అబ్బాయి ఫ్యాక్టరీలో తయారయ్యే రెజిన్ దాని వంశమే. వాన తడికి విడిపోని ప్లైవుడ్, బండ్ల బ్రేకులు, సానరాళ్లు దీనివల్లే నిలుస్తున్నాయి. పాలీకార్బొనేట్ ప్లాస్టిక్, ఒక రకం నైలాన్, ఆస్పిరిన్ మూలాలు కూడా ఫినాల్ దగ్గరికే వెళ్తాయి. ఒకసారి రెజిన్‌గా గట్టిపడ్డాక అది మనల్ని కరిచే ఫినాల్ కాదు. ప్రమాదమంతా డ్రమ్ము నుంచి రియాక్టర్ దాకా ఉన్న ఆ కొద్ది దూరంలోనే ఉంది, మీ అబ్బాయి నిలబడే చోటు అదే.

ఇక్కడి నుంచి ఉత్తరం అతనికి చదివి వినిపించండి.

బాబూ, ఒంటి మీద ఫినాల్ పడితే తుడిచి ఊరుకోకు. కాటన్ వేస్ట్‌తో రుద్దితే పక్క చర్మానికి పులుముకుంటుంది. కొళాయి కింద కాసిన్ని నీళ్లు చల్లుకున్నా చాలదు, కొద్ది నీరు దాన్ని పలచన చేసి ఇంకా వెడల్పుగా పరుస్తుంది, ఇంకడం పెరుగుతుంది. నీళ్లంటే కుండపోతగా ఉండాలి. షవర్ కింద నిలబడే బట్టలు, బూట్లు, బెల్టు, గడియారం అన్నీ తీసేయాలి, సిగ్గుపడే సమయం కాదు. కనీసం 15 నిమిషాలు ఆగకుండా. పీఈజీ 300 గానీ పీఈజీ 400 గానీ, అంటే పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే చిక్కటి ద్రవం, మీ విభాగంలో ఉంటే దానిలో ముంచిన దూదితో మళ్లీ మళ్లీ కొత్త దూది తీసుకుంటూ ఫినాల్ వాసన పోయేదాకా తుడవాలి. ఫినాల్ నీటిలోకంటే అందులోకి ఇష్టంగా వెళ్తుంది, అందుకే అది మేలు. కానీ దాని కోసం వెతుకుతూ నిలబడవద్దు, దొరికేలోపు నీళ్ల కిందే ఉండాలి. కంట్లో పడితే పీఈజీ కాదు, నీళ్లు మాత్రమే, రెప్పలు విప్పి పట్టుకుని 15, 20 నిమిషాలు, ఆ తర్వాత కంటి వైద్యుడు. మింగినవారికి వాంతి చేయించకూడదు. సాయం చేసేవాళ్లు గ్లౌజులు లేకుండా ముట్టుకుంటే వాళ్లూ రోగులవుతారు.

గ్లౌజుల గురించి గట్టిగా అడుగు. ఆసుపత్రుల్లో వాడేలాంటి పల్చటి నైట్రైల్ తొడుగులు గాఢమైన ఫినాల్‌ను కొద్ది నిమిషాలకు మించి ఆపలేవు. బ్యూటైల్ రబ్బరు గానీ, మందపాటి నియోప్రీన్ గానీ కావాలి, మోచేతి దాకా రావాలి. మణికట్టు దగ్గర చొక్కా చేతికీ గ్లౌజుకూ మధ్య సందు ఉంటే చుక్క సరిగ్గా అక్కడే దూరుతుంది, నీ మచ్చ ఉన్న చోటు చూస్తే నీకు జరిగింది అదేననిపిస్తోంది. ముఖానికి పూర్తి షీల్డ్, రబ్బరు ఏప్రాన్, రబ్బరు బూట్లు. తోలు బూట్లు, తోలు బెల్టు వద్దే వద్దు. తోలు ఫినాల్‌ను పీల్చుకుంటుంది, ఎంత కడిగినా వదలదు, తడిస్తే పారేయాల్సిందే.

డ్రమ్ము కరిగించేటప్పుడు మంట చూపించకూడదు. ఫినాల్ 79 డిగ్రీల దగ్గర అంటుకునేంత ఆవిరినిస్తుంది. వేడి గదిలో గానీ వేడినీటి తొట్టిలో గానీ 50, 60 డిగ్రీల దగ్గర నిదానంగా కరిగించాలి. కరిగేటప్పుడు పరిమాణం పెరుగుతుంది కాబట్టి బిరడా బిగించి ఉంచితే లోపల ఒత్తిడి పుట్టి, తెరిచినప్పుడు ముఖం మీదికి చిమ్ముతుంది. గొట్టంలో గడ్డకట్టి ఆగిందనిపిస్తే కొట్టవద్దు, విప్పవద్దు. ఒక చోట గడ్డ, దాని వెనక వేడి ద్రవం ఒత్తిడితో ఎదురుచూస్తుంటుంది. నా స్నేహితుడి తొడ మీద పడింది అలాంటి గొట్టంలోంచే.

ఇంకొక్క మాట, నీ పని కాకపోయినా తెలిసి ఉండాలి. ఫినాల్, ఫార్మాల్డిహైడ్ కలిసేటప్పుడు చాలా వేడి పుడుతుంది. 1997లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో నెమ్మదిగా కలపాల్సిన ముడిసరుకులన్నీ ఉత్ప్రేరకంతో సహా ఒకేసారి రియాక్టర్‌లో పోసి వేడి పెట్టారు. రియాక్టర్ పేలి ఒక కార్మికుడు చనిపోయాడు. షిఫ్టు ఆలస్యమైందని ఎవరైనా ఫార్మాల్డిహైడ్ వాల్వు ఎక్కువ తిప్పుతుంటే చూస్తూ ఊరుకోకు.

మళ్లీ మీతో, అమ్మా. గులాబీ రంగు గురించి: గాలి, వెలుతురు, ఇనుము జాడలు తగిలితే ఫినాల్ ఆక్సీకరణం చెంది గులాబీగా, ఎర్రగా మారుతుంది. దానివల్ల సరుకు నాణ్యత తగ్గవచ్చు గానీ విషం పెరగదు, తగ్గదు. తెల్లటి ఫినాల్‌తో ఎంత జాగ్రత్తో దీనితోనూ అంతే.

బట్టల వాసన గురించి మీ భయం సహజం, కానీ ఇక్కడ ముక్కు మన పక్షాన ఉంది. గాలిలో 0.05 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లో చెప్పే కొలత) అటూఇటూ ఉన్నా ఆ తియ్యటి మందు వాసన పసిగట్టేస్తాం. చాలా దేశాల్లో ఎనిమిది గంటల పనికి వాడే పరిమితి 5 పీపీఎం. అంటే పరిమితిలో నూరోవంతు దగ్గరే ముక్కు చెబుతుంది. కాబట్టి బట్టల్లో వాసన వచ్చినంత మాత్రాన మీకు హాని జరిగినట్టు కాదు. అయినా ఆ బట్టలు విడిగా, గ్లౌజులు వేసుకుని ఉతకండి, మిగతా వాటితో కలపకండి. తడిసిన బట్ట మాత్రం అసలు ఇంటికి రాకూడదు, ఫ్యాక్టరీలోనే ఉండిపోవాలి. రోజంతా అక్కడే ఉండేవాళ్ల ముక్కుకు వాసన అలవాటైపోతుంది, "నాకు వాసనే రాదు" అనే పాతవాళ్ల మాటను ధైర్యంగా తీసుకోవద్దని అబ్బాయికి చెప్పండి. షిఫ్టు చివర మూత్రంలో ఫినాల్ ఎంతుందో కొలిచే పరీక్ష ఉంది, ఫ్యాక్టరీ వైద్యుణ్ని అడగవచ్చు.

ఉద్యోగం మానిపించాలా అంటే, ఇప్పుడే కాదు అంటాను. ఫినాల్‌తో పూర్తి ఉద్యోగకాలం పనిచేసి ఒంటి మీద మచ్చ లేకుండా రిటైరైనవాళ్లు నాకు తెలుసు. పదార్థం కంటే చోటును చూసి నిర్ణయించాలి. ఫినాల్ పడితే కాటన్ వేస్ట్‌తో తుడిచేసిన సూపర్‌వైజరు గురించి నాకు కోపం వచ్చింది, దాచుకోను. అతనికీ ఎవరూ నేర్పలేదేమో. మీ అబ్బాయి రేపు షిఫ్టులో ఎంఎస్‌డీఎస్ కాగితం, అంటే సరుకు ప్రమాదాలూ జాగ్రత్తలూ రాసి ఉండే కాగితం, చూపించమని అడగాలి, మందపాటి గ్లౌజులు అడగాలి, పీఈజీ ఎక్కడుందో అడగాలి. అడిగినందుకు విసుక్కుంటే ఒకసారి ఓర్చుకోవచ్చు. నెల తిరిగినా అవి రాకపోతే ఆ చోటు వదిలేయమనండి, నేర్చుకున్న పని ఇంకోచోట అన్నం పెడుతుంది.

అన్నిటికంటే ముందు, డ్రమ్ముల దగ్గర నిలబడి కళ్లు మూసుకుని షవర్ దాకా నడిచి వెళ్లగలడేమో చూసుకోమనండి. దారిలో ఏదైనా కాలికి తగిలితే అది తీయించాలి. చేరాక గొలుసు లాగి, నీళ్లు వస్తున్నాయో లేదో చూడాలి.